పదిహేను వందల్లో సోల్డరింగ్ స్టేషన్: డబ్బు చేతిలో పెట్టు, డబ్బాలో కాదు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్నావు, ఈసీఈ మూడో ఏడు. చేతిలో 25 వాట్ల మామూలు ఐరన్ ఉంది, దాంతో రెండు బోర్డుల మీద ప్యాడ్లు (పార్టుల కాళ్లు అతికే రాగి చుక్కలు) లేచిపోయాయి. పాత ల్యాప్‌టాప్ చార్జర్ ఒకటి ఉంది, 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు. ఆర్డ్యూనో నానో (ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) కూడా ఉంది. రెడీమేడ్ స్టేషన్ కొనను, నేనే కట్టుకుంటాను, ఖర్చు 1500 దాటకూడదు అంటున్నావు. 907 హ్యాండిల్ తీసుకోవాలా, టీ12 బిట్ పట్టే హ్యాండిల్ తీసుకోవాలా, పీఐడీ (వేడిని సన్నగా సర్దే ప్రోగ్రాం) రాయాలా, ఓఎల్ఈడీ (అంకెలు చూపే చిన్న తెర) పెట్టాలా అన్నవి నీ ప్రశ్నలు.

ఓఎల్ఈడీ వద్దు. ఆ ప్రశ్న అయిపోయింది. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

ప్యాడ్లు లేవడం పూర్తిగా నీ చేతి తప్పే అనుకుంటున్నావు. సగమే నీది. ఆ ఐరన్‌కు వేడిని చూసే కన్ను లేదు. ప్లగ్గు పెట్టిన క్షణం నుంచి తీసేదాకా అవే 25 వాట్లు పోస్తూ ఉంటుంది. స్టాండు మీద ఊరికే ఉన్నప్పుడు బిట్ (ఐరన్ మొన) 400 డిగ్రీల దగ్గరకో, ఇంకా పైకో ఎక్కి కూర్చుంటుంది. దాన్ని అలాగే తీసి సన్నని ప్యాడ్ మీద పెడితే రాగిని బోర్డుకు పట్టి ఉంచే జిగురు కాలిపోతుంది. అదే ఐరన్‌ను వెడల్పాటి గ్రౌండ్ రాగి మీద పెట్టావనుకో, ఉన్న వేడినంతా బోర్డు లాగేసుకుంటుంది, లెడ్ (సోల్డర్‌ను మనం అలాగే అంటాం) కరగదు, నువ్వు పది సెకన్లు నొక్కి పట్టుకుంటావు, అప్పుడూ పోయేది ప్యాడే. మన దగ్గర దొరికే 60/40 లెడ్ 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 వచ్చేసరికి పూర్తిగా కరిగిపోతుంది. 63/37 అయితే సరిగ్గా 183 దగ్గరే కరుగుతుంది. సీసం లేని రకానికి 217 నుంచి 220 కావాలి. కాబట్టి మామూలు లెడ్‌తో బిట్ 320, 350 మధ్య నిలకడగా ఉంటే చాలు, జాయింట్ రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఆ నిలకడ కోసమే స్టేషన్.

నేను మల్కాజిగిరిలో ఇన్వర్టర్ బోర్డులు, టీవీ బోర్డులు రిపేర్ చేస్తూ ఇరవై ఏళ్లు దాటింది. నాకు ఐరన్ పట్టుకోవడం నేర్పిన మాస్టారు ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీల కాలం మనిషి. ఆయన దగ్గర స్టేషనూ లేదు, ఏమీ లేదు. ఐరన్‌ను చెంప దగ్గరకు తెచ్చి వేడి చూసేవారు, ఎక్కువైతే ప్లగ్గు పీకి, తగ్గితే మళ్లీ పెట్టేవారు. స్టేషన్ చేసే పని కూడా అచ్చంగా అదే. చెంపకు బదులు బిట్ పక్కన ఒక సెన్సర్, ప్లగ్గుకు బదులు ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్చు). ఇంత చిన్న పనికి కంప్యూటర్ ప్రోగ్రాం అక్కర్లేదని అందుకే అంటాను.

కొత్తగా కట్టేవాళ్లు డబ్బంతా డబ్బా మీద, డిస్‌ప్లే మీద, కంట్రోలర్ బోర్డు మీద పెడతారు. చివర్లో మిగిలిన రెండు వందలతో దొరికిన హ్యాండిల్ కొంటారు. తలకిందుల లెక్క అది. లెడ్‌ను తాకేది బిట్. బిట్‌కు వేడి ఇచ్చేది హీటర్. ఆ రెండింటి మధ్య గాలి సందు ఉంటే వెనక ఎంత గొప్ప సర్క్యూట్ ఉన్నా ఉపయోగం లేదు. నీ 1500లో సగం హ్యాండిల్, బిట్‌లకే పోనీ. సర్క్యూట్‌కు రెండు వందలు ఎక్కువే.

ఇక 907కూ టీ12కూ మధ్య పేచీ. టీ12 బిట్‌లో హీటరూ సెన్సరూ బిట్ లోపలే కలిసి ఉంటాయి కాబట్టి వేడి చాలా త్వరగా అందుతుంది. దాని నిరోధం సుమారు 8 ఓమ్స్. 24 వోల్టులిస్తే 72 వాట్లు, నీ 19 వోల్టులిస్తే 45 వాట్లు. పనితనంలో 907 కంటే అదే మెరుగు, అందులో వాదన లేదు. కానీ అందులో హీటరూ సెన్సరూ ఒకే తీగ మీద వరుసగా ఉంటాయి. హీటర్ నడుస్తుండగా సెన్సర్‌ను చదవలేవు. కరెంటు ఆపాలి, కాసేపు ఆగాలి, ఆ కొద్ది మిల్లీవోల్టులు చదవాలి, మళ్లీ వేయాలి. హీటర్ వోల్టేజ్ ఆంప్లిఫయర్‌లోకి దూరకుండా కాపలా కూడా పెట్టాలి. మొదటి స్టేషన్‌కు అంత తలనొప్పి ఎందుకు? 907 హ్యాండిల్‌లో హీటర్‌కు రెండు తీగలు, సెన్సర్‌కు రెండు తీగలు, ఎర్త్‌కు ఒకటి, అన్నీ విడివిడిగా వస్తాయి. మొదట ఇది కట్టు. ఉద్యోగం వచ్చాక టీ12 కడుదువు, అప్పటికి నీ నానో కూడా పనికొస్తుంది.

907 హీటర్ 24 వోల్టుల దగ్గర 50 వాట్లది. 19 వోల్టులకు లెక్క వేస్తే 31 వాట్లు వస్తాయి. ఇప్పుడున్న ఐరన్ కంటే ఆరు వాట్లేగా ఎక్కువ అంటావేమో. ఆ 25 వాట్లు స్టాండు మీద వృథాగా పోతాయి, ఇక్కడ 31 వాట్లూ బిట్ చల్లబడినప్పుడు మాత్రమే దిగుతాయి. మామూలు రెసిస్టర్లు, ఐసీలు, కనెక్టర్లకు సరిపోతుంది. ఇన్వర్టర్ బోర్డు మీది లావు ట్రాకులకు సరిపోదు. అప్పుడు 24 వోల్టుల, 4 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కొని చార్జర్ స్థానంలో పెట్టు, మిగతా సర్క్యూట్‌లో ఏమీ మార్చక్కర్లేదు. 2 ఆంపియర్లది కొనకు. సిరామిక్ హీటర్ చల్లగా ఉన్నప్పుడు నిరోధం తక్కువ, మొదటి క్షణాల్లో కరెంటు ఎక్కువ లాగుతుంది. చిన్న సప్లై ఓవర్‌లోడ్ అనుకుని ఆగుతూ, మళ్లీ మొదలవుతూ టిక్కుటిక్కుమంటుంది.

చార్జర్ వాడమనడానికి అసలు కారణం వేరే ఉంది. నువ్వు కట్టే డబ్బాలో 230 వోల్టులు ఉండవు. హాస్టల్ గదిలో, మంచం పక్కన, మొదటిసారి కట్టేవాడి డబ్బాలో మెయిన్స్ లేకపోవడం కంటే గొప్ప ఫీచర్ లేదు. ఎవరో 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి బ్రిడ్జి, కెపాసిటర్ వేసుకోమంటారు, అది ఊరికే చేయకు. 24 వోల్టుల ఏసీని డీసీ చేసి కెపాసిటర్ పెడితే వచ్చేది 24 కాదు, 32 దాటుతుంది. మా దగ్గరకు వచ్చిన కుర్రాడొకడు అలాగే చేసి రెండు హీటర్లు కాల్చుకుని, హీటర్లు నకిలీవని షాపువాడితో గొడవ పెట్టుకున్నాడు.

కొనడానికి కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లు. నీకు మెట్రో నేరుగా ఉంది, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడువు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం సాయంత్రం ఇసుక వేస్తే రాలదు. మామూలు రోజు పొద్దున పదకొండు తర్వాత వెళితే షాపువాడికి నీతో మాట్లాడే ఓపిక ఉంటుంది. మల్టీమీటర్ జేబులో పెట్టుకుని వెళ్లు. "భాయ్, 936 కా హ్యాండిల్" అంటే ఇస్తాడు, 936 అనే స్టేషన్‌కు వచ్చేది ఈ 907 హ్యాండిలే. కానీ అందులో రెండు రకాలు ఉంటాయి. ఒకదానిలో సెన్సర్ థర్మిస్టర్ లాంటిది, చల్లగా ఉన్నప్పుడు 43 నుంచి 58 ఓమ్స్ చూపిస్తుంది. ఇంకోదానిలో కె టైప్ థర్మోకపుల్ (వేడికి కొద్ది మిల్లీవోల్టులు పుట్టించే రెండు లోహాల జోడు), అది రెండు మూడు ఓమ్స్ మాత్రమే. నేను చెప్పే సర్క్యూట్ థర్మోకపుల్‌కే. అక్కడే ప్లగ్గు పిన్నులు కొలువు. ఒక జతలో యాభై దగ్గర చూపిస్తే తిరిగి ఇచ్చేయ్.

హ్యాండిల్ తీగ మెత్తగా ఉండాలి. గట్టి పీవీసీ తీగ ఉన్నది చేతిని లాగుతుంది, పొరపాటున బిట్ తగిలితే కరిగిపోతుంది. సిలికాన్ తీగ కరగదు. బిట్‌ను హీటర్ మీద తొడిగి ఊపి చూడు, గిలకలా కదిలితే రంధ్రం పెద్దది, గాలి సందు ఎక్కువ, ఆ బిట్ వద్దు. సూదిమొన బిట్ అసలు కొనకు. చూడటానికి సన్నని పనికి బాగుంటుందనిపిస్తుంది గానీ మొనకు వేడి చేరదు. 2.4 మిల్లీమీటర్ల చిజిల్ బిట్ ఒకటి, కత్తి ఆకారంది ఒకటి, ఇవి రెండుంటే నా బెంచి మీద పది పనుల్లో తొమ్మిది అయిపోతాయి.

డబ్బా కోసం కొత్తది కొనొద్దు. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, సికింద్రాబాద్ సీటీసీ చుట్టుపక్కల పాత కంప్యూటర్ సామాన్ల దగ్గరో చచ్చిపోయిన డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ దొరుకుతుంది. ఇనుప డబ్బా, ఫ్యాను, స్విచ్చు అన్నీ అందులోనే ఉంటాయి. లోపలి బోర్డు తీసేసి ఖాళీ డబ్బా వాడుకో. నడుస్తున్నది విప్పితే మాత్రం జాగ్రత్త. ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. మల్టీమీటర్‌తో కొలిచి సున్నా అని తేలాకే చెయ్యి పెట్టు.

ఇప్పుడు సర్క్యూట్. ఒక ఎల్ఎం 358 (రెండు ఆంప్లిఫయర్లున్న ఐసీ), ఒక ఐఆర్‌ఎఫ్‌జెడ్ 44ఎన్ మాస్‌ఫెట్, ఒక 7812, ఒక 7805 (12, 5 వోల్టులిచ్చే రెగ్యులేటర్లు), ఒక 10కె పాట్ (తిప్పే రెసిస్టర్), కొన్ని రెసిస్టర్లు. అంతే.

కె టైప్ థర్మోకపుల్ ఒక్కో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. 350 డిగ్రీల దగ్గర గది వేడి తీసేస్తే 13 మిల్లీవోల్టుల చిల్లర. దాన్ని ఎల్ఎం 358లోని మొదటి సగంతో 221 రెట్లు పెంచుతాం, అంటే ఫీడ్‌బ్యాక్‌లో 220కె, కింద 1కె. 220కె మీద అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు, గరగర తగ్గుతుంది. రెండో సగం కంపారేటర్, అంటే రెండు వోల్టేజీలను పోల్చి చూసేది. 7805 ఇచ్చే 5 వోల్టుల నుంచి 8.2కె, తర్వాత 10కె పాట్, తర్వాత మళ్లీ 8.2కె, అక్కడి నుంచి గ్రౌండ్. పాట్ మధ్య కాలు కంపారేటర్ ప్లస్‌కు, మొదటి సగం అవుట్‌పుట్ మైనస్‌కు. ఈ విలువలతో పాట్ ఒక చివర 200 డిగ్రీలకు, ఇంకో చివర 410కి దగ్గరగా వస్తుంది. కంపారేటర్ అవుట్‌పుట్ నుంచి ప్లస్ కాలికి 1 మెగాఓమ్ వేస్తే ఏడెనిమిది డిగ్రీల ఎడం వస్తుంది. అది లేకపోతే సరిగ్గా సెట్ చేసిన వేడి దగ్గర మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోక, పూర్తిగా మూసుకోక మధ్యలో వేలాడుతూ వేడెక్కుతుంది.

అవుట్‌పుట్ నుంచి 100 ఓమ్స్ ద్వారా మాస్‌ఫెట్ గేట్‌కు. గేట్ నుంచి గ్రౌండ్‌కు 10కె. సోర్స్ గ్రౌండ్‌కు, డ్రెయిన్ హీటర్ ఒక కాలికి, హీటర్ రెండో కాలు 19 వోల్టులకు. ఎల్ఎం 358కు 7812 నుంచి 12 వోల్టులే ఇవ్వు. అవుట్‌పుట్ పదిన్నర దాకా లేస్తుంది, ఈ మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోవడానికి అది చాలు. చిప్‌కు నేరుగా చార్జర్ వోల్టేజ్ ఇచ్చి, రేపు 24 వోల్టులకు మారితే గేట్ మీద 22 దాటుతుంది, దాని హద్దు 20. నానోతో నేరుగా నడిపితే ఎందుకు కుదరదో కూడా ఇక్కడే ఉంది. నానో ఇచ్చేది 5 వోల్టులు, 44ఎన్‌కు అది సగం ఆకలి. లాజిక్ లెవల్ రకం ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ కావాలి, రెండూ పక్కపక్కన ఉంటే ఒక అక్షరమే తేడా, గల్లీలో చాలామందికి ఇదీ అదీ ఒకటే. పూర్తిగా తెరుచుకున్న మాస్‌ఫెట్ ఈ కరెంటుకు వేలు పెడితే చల్లగా ఉండాలి, హీట్‌సింక్ కూడా అక్కర్లేదు. చురుక్కుమంటే గేట్‌కు సరిపడా వోల్టేజ్ అందట్లేదని అర్థం.

థర్మోకపుల్ ప్లస్ నుంచి 5 వోల్టులకు ఒక 1 మెగాఓమ్ రెసిస్టర్ మర్చిపోవద్దు. చిన్నదే, కానీ ప్రాణం కాపాడేది. హ్యాండిల్‌లో సెన్సర్ తీగ తెగిపోతే అది ఇన్‌పుట్‌ను పైకి లాగుతుంది, సర్క్యూట్ బిట్ మండిపోతోందని భ్రమపడి హీటర్ ఆపేస్తుంది. ఆ రెసిస్టర్ లేకపోతే ఇన్‌పుట్ గాల్లో తేలుతుంది, సర్క్యూట్ దాన్ని చల్లని బిట్ అనుకుంటే హీటర్ ఆగదు. మామూలు రోజుల్లో దానివల్ల వచ్చే తప్పు అర డిగ్రీ కూడా ఉండదు.

చాలామంది బోల్తాపడేది సర్క్యూట్ గీతలో కాదు, గ్రౌండ్ తీగలో. హీటర్ కరెంటు ఆంపియరున్నర పైనే. జనరల్ పర్పస్ బోర్డు మీద సన్నగా లాగిన లెడ్ గీత 10 మిల్లీఓమ్స్ ఉందనుకో. ఆ కరెంటు అందులోంచి పోతే దాని రెండు చివరల మధ్య 16 మిల్లీవోల్టులు నిలుస్తాయి. మనం కొలిచేది 13 మిల్లీవోల్టులు! అంటే హీటర్ వెలిగిన ప్రతిసారీ సెన్సర్ లెక్కలో దాదాపు 400 డిగ్రీలు అటో ఇటో ఊగుతాయి. నేను మొదట కట్టినదాంట్లో ఇండికేటర్ ఎల్ఈడీ దీపావళి సీరియల్ బల్బులా టపటపా కొట్టుకునేది, బిట్ మాత్రం 250 దాటేది కాదు. రెండు రోజులు చిప్‌లు మార్చుకుంటూ కూర్చున్నాను. తప్పు చిప్‌లో లేదు, థర్మోకపుల్ మైనస్‌ను మాస్‌ఫెట్ సోర్స్ పక్కన కలిపాను. థర్మోకపుల్ మైనస్, ఆ 1కె కింది కాలు, 358 గ్రౌండ్ పిన్ను, ఈ మూడూ ఒకే చుక్క దగ్గర కలవాలి. మాస్‌ఫెట్ సోర్స్ నుంచి లావు తీగ విడిగా నేరుగా చార్జర్ మైనస్ దగ్గరకు పోవాలి. ఆ చుక్క నుంచి చార్జర్ మైనస్‌కు ఇంకో తీగ. రెండు తీగలూ కలిసేది అక్కడొక్కచోటే.

358ను ఐసీ బేస్‌లో పెట్టు, నాలుగు కొను, చవకే. ఈ చిప్‌కు పుట్టుకతోనే ఇన్‌పుట్‌లో రెండు మిల్లీవోల్టుల దాకా తేడా ఉండటం మామూలు, కొన్నింటికి ఏడు దాకా. రెండు మిల్లీవోల్టులంటే మన లెక్కలో యాభై డిగ్రీలు. నాలుగింటిలో తక్కువ తేడా ఉన్నది ఏరుకుని, మిగిలిన తేడాను పాట్ చుట్టూ గీసే గుర్తుల్లో సర్దుకోవచ్చు.

గుర్తులు గీయడానికి కె టైప్ ప్రోబ్ ఉన్న మల్టీమీటర్ కాలేజీ ల్యాబ్‌లో అడిగి తెచ్చుకో. ముందు దాన్ని నమ్మొచ్చో లేదో చూడు. మంచు ముక్కలున్న నీళ్లలో సున్నా, మరిగే నీళ్లలో 98 చూపించాలి. వంద కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి మన దగ్గర నీళ్లు రెండు డిగ్రీల ముందే మరుగుతాయి. తర్వాత బిట్ మీద లెడ్ చుక్క కరిగించి, అందులో ప్రోబ్ మొన ముంచి, పాట్ తిప్పుతూ 250, 300, 350 దగ్గర డబ్బా మీద మార్కర్‌తో గీతలు పెట్టు. పొడి బిట్‌కు ప్రోబ్ ఆనించి కొలిస్తే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఈ సర్క్యూట్ గది వేడిని లెక్కలోకి తీసుకోదు. డిసెంబర్‌లో గీసిన 320 గుర్తు మే నెలలో 345 అవుతుంది. టెన్షన్ పడకు. ఎండాకాలం పాట్ ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పుకుంటే సరి. పీఐడీ అక్కర్లేదనడం కూడా ఇదే కోవలోది. ఏడెనిమిది డిగ్రీలు అటూ ఇటూ ఊగినా లెడ్‌కు తెలియదు.

మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు థర్మోకపుల్ తీగల్లో ఏది ప్లస్సో తేల్చుకో. తీగల రంగులు నమ్మకు, కంపెనీకో రంగు. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల మీద పెట్టి, బిట్ తీసేసి, సిరామిక్ కడ్డీ మొనకు లైటర్ మంట కాసేపు దూరం నుంచి చూపించు. రీడింగ్ ప్లస్ వైపు పెరిగితే ఎర్ర ప్రోబ్ ఉన్నది ప్లస్. ఈ ఒక్క నిమిషం పని నేను ఒకసారి మానేశాను. హీటర్ మార్చి, సెన్సర్ తీగలు తిరగేసి అతికాను. బిట్ వేడెక్కేకొద్దీ సర్క్యూట్‌కు అది ఇంకా చల్లబడుతున్నట్టు కనిపించింది, పోస్తూనే పోయింది. అన్నం తిని వచ్చేసరికి హ్యాండిల్ ముందు భాగం మైనంలా వంగిపోయింది, బిట్ ఎర్రగా నిప్పుకణికలా ఉంది. షాపు మూసి వెళ్లి ఉంటే ఏమయ్యేదో.

ఫ్యూజ్ కాపాడుతుందిగా అంటావు. 3 ఆంపియర్ల గాజు ఫ్యూజ్ పెట్టు, తీగలు కలిసిపోతే పనికొస్తుంది. ఇలాంటి వాటికి పనికిరాదు. మాస్‌ఫెట్ షార్ట్ అయినా, సెన్సర్ తిరగబడినా హీటర్ లాగేది రోజూ లాగే కరెంటే. ఫ్యూజ్‌కు అందులో వింత ఏమీ కనపడదు. అందుకని హీటర్‌కు అడ్డంగా ఒక ఎల్ఈడీని 2.2కె రెసిస్టర్‌తో కలిపి డబ్బా ముందు కనపడేలా పెట్టు. మొదట నిలకడగా వెలుగుతుంది, వేడి అందాక వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఊరికే స్టాండు మీద ఉన్నప్పుడు రెండు నిమిషాలు దాటి ఆరకుండా వెలుగుతోందంటే ప్లగ్గు పీకు. ఓఎల్ఈడీ కంటే నీకు నిజాలు చెప్పేది ఈ ఎల్ఈడీయే. గది దాటి వెళ్లేటప్పుడు గోడ దగ్గర స్విచ్చు కట్టేయడం అలవాటు చేసుకో, టీ తాగడానికైనా సరే.

ఎర్త్ గురించి నువ్వు అడగలేదు, ఎవరూ అడగరు. ఎస్‌ఎంపీఎస్ రకం చార్జర్లలో మెయిన్స్ వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకు ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ లేకపోతే దాని గుండా అవుట్‌పుట్ మీద సగం మెయిన్స్ వోల్టేజ్ తేలుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద చెయ్యి జరిపినప్పుడు జివ్వుమనేది అదే. మనిషికి ప్రమాదం లేనంత చిన్న కరెంటే, కానీ బిట్ మీదకు వస్తే సున్నితమైన మాస్‌ఫెట్‌ల గేట్లు చచ్చిపోతాయి. నీ చార్జర్‌కు మూడు పిన్నుల తీగ ఉంటే, ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ అవుట్‌పుట్ మైనస్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడు. కలిసి ఉంటే హ్యాండిల్ ఎర్త్ తీగను చార్జర్ మైనస్ దగ్గర కలిపేయ్. కలవకపోతే మూడు పిన్నుల ప్లగ్ టాప్ ఒకటి కొని, అందులో పెద్ద పిన్నుకు మాత్రమే ఆకుపచ్చ తీగ వేసి, మిగతా రెండూ ఖాళీగా వదిలి, ఆ తీగను డబ్బాకూ హ్యాండిల్ ఎర్త్‌కూ తగిలించు. చివరికి బిట్ మొన నుంచి ప్లగ్గు ఎర్త్ పిన్ను దాకా 2 ఓమ్స్ లోపే ఉండాలి.

ఇదంతా గోడలో నిజంగా ఎర్త్ ఉన్నప్పటి మాట. పాత బిల్డింగుల్లో, హాస్టళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, మూడో దాని వెనక తీగే ఉండదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల్లో చూపించాలి. అలా లేకపోతే ఆ ఆకుపచ్చ తీగ తగిలించకు, వార్డెన్‌కు చెప్పి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు. న్యూట్రల్‌ను ఎర్త్ అనుకుని కలిపే తెలివి మాత్రం ఎవరు చెప్పినా వినకు.

బిట్ సంగతి ఒక్క మాట. పాత ఐరన్ రాగి బిట్‌ను ఆకురాయితో రాసి మొన తెచ్చే అలవాటు నీకూ ఉండే ఉంటుంది. ఈ బిట్‌లకు రాగి మీద ఇనుప పూత ఉంటుంది, ఆకురాయి ఒక్కసారి తగిలితే పూత పోతుంది, తర్వాత లెడ్ రాగిని తినేసి గుంట చేస్తుంది. ఇత్తడి పీచులో పొడిచి శుభ్రం చేయి, గిన్నెలు తోమే స్టీలు పీచు వద్దు. కట్టేసే ముందు మొన మీద కాస్త లెడ్ పూసి వదిలేయ్, మర్నాడు మెరుస్తూ ఉంటుంది. సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే పొగలో ఉండేది సీసం కాదు, లెడ్ లోపలి రోజిన్ కాలిన పొగ, ఊపిరితిత్తులకు అదీ మంచిది కాదు. పాత డబ్బాలో దొరికిన 12 వోల్టుల ఫ్యాన్‌ను 7812కు తగిలించకు, అది వేడెక్కుతుంది, వేరే అడాప్టర్‌తో నడిపి పొగ నీ ముఖం వైపు కాకుండా కిటికీ వైపు పోయేలా పెట్టుకో. సీసం నోట్లోకి వెళ్లేది చేతుల నుంచి. పని అయ్యాక సబ్బుతో కడిగే మెస్‌కు వెళ్లు.

డబ్బులు ఇంకా కూడలేదంటే ఈలోపు ఉన్న ఐరన్‌నే కాస్త దారికి తెచ్చుకోవచ్చు. చిన్న స్విచ్ బోర్డు డబ్బాలో ఒక 1ఎన్4007 డయోడ్‌ను ఐరన్ తీగకు వరుసగా వేసి, డయోడ్‌కు అడ్డంగా స్విచ్చు పెట్టు. స్విచ్చు వేస్తే పూర్తి 25 వాట్లు, ఆపితే సగం. స్టాండు మీద ఉన్నంతసేపు సగంలో ఉంచి, పనికి నిమిషం ముందు వేసుకుంటే బిట్ మాడదు. ఫ్యాన్ రెగ్యులేటర్ పెడితే పోలేదా అని కొందరు అంటారు. మెట్లమెట్లుగా తిరిగే రకంలో ఉండేవి కెపాసిటర్లు, అవి ఫ్యాన్ మోటారుకు లెక్క వేసి పెట్టినవి. అందులో 2.2 మైక్రోఫారడ్ది ఉంటే నీ ఐరన్ 17 వాట్లు లాగుతూనే ఉంటుంది. నునుపుగా తిరిగే పాతకాలం డిమ్మర్ అయితే సరే. కానీ ఇది 230 వోల్టుల పని. సీనియర్ ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యి. స్టేషన్ కట్టాక కూడా ఆ ఐరన్ పారేయకు, ప్లాస్టిక్ డబ్బాలకు రంధ్రాలు పెట్టడానికి నాకు ఇప్పటికీ అదే కావాలి.